షింకిరో పద్ధతి నేర్చుకోదలచిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ బరంపురంలో మేమంతా క్షేమం. రాయగడలో మీరందరూ క్షేమమని తలుస్తాను.

నీవు ఫోనులో పంపిన పులివేషం కుర్రవాడి బొమ్మలన్నీ పెద్దవి చేసుకుని చూశాను. మీ స్నేహితులు కలిసి తయారు చేస్తున్న ఫైటింగ్ గేములో అతడే ముఖ్యపాత్ర అనీ, అతణ్ణి జపాను వీడియో గేముల చిత్రకారుడు షింకిరో పద్ధతిలోనే వేయాలని నీ పట్టుదల అనీ వ్రాశావు. పాత్ర నాకు నచ్చింది. రెండేళ్ళకొకసారి వచ్చే ఠాకురాణి యాత్రలో మొక్కు తీర్చుకోవడానికి ఒళ్ళంతా పసుపు రంగు పూయించుకుని, నల్లచారలు వేయించుకుని ఆడే కుర్రవాళ్ళను చూసి పెరిగిన పిల్లకు తట్టవలసిన పాత్రే అది. నడుముకు బరంపురం పట్టు చుట్టడం కూడా మంచి ఆలోచన. అయితే బొమ్మలో షింకిరో ఇంకా కనిపించడం లేదు. ఆయన బొమ్మల్లోని నునుపును నీవు చక్కగా పట్టుకున్నావు కాని, ఆ నునుపును ఎక్కడ ఆపాలో ఆయన చేసే నిర్ణయాన్ని పట్టుకోలేదు. ఈ ఉత్తరంలో ప్రధానంగా ఆ నిర్ణయం గురించే వ్రాస్తాను.

సైన్‌బోర్డులూ సినిమా బ్యానర్లూ వేసుకుని బ్రతికిన ముసలాయనకు జపాను ఆటల బొమ్మల సంగతి ఎలా తెలుసునని నీ స్నేహితులు అడగవచ్చు. తొంభైల చివర్లో పాత బస్టాండు దగ్గర వీడియో గేమ్ పార్లర్ నడిపిన ఒకాయన, తన గోడ మీద కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 అనే ఫైటింగ్ గేములోని వీరులను నిలువెత్తున వేయమని ఒక రంగుల కాగితం నా చేతిలో పెట్టాడు. కాగితం మీద గళ్ళు గీసి, గోడ మీద పెద్ద గళ్ళు గీసి, ఒక్కొక్క గడినీ పెంచుకుంటూ పోవడం మా వృత్తి. అలా పెంచేటప్పుడు ఎవరి బొమ్మలోనైనా గుట్టు బయటపడక తప్పదు. ఆ కాగితంలో నన్ను ఆశ్చర్యపరచినది ఏమిటంటే, అప్పట్లో జపాను బొమ్మలంటే మాకు తెలిసిన నల్లగీత అందులో ఎక్కడా లేదు. ముక్కు అంచు, దవడ అంచు, చొక్కా మడత, అన్నీ ఒక లేతరంగు ఒక ముదురురంగును తాకిన చోట పుట్టినవే. మేము బ్యానరు మీద హీరో ముఖం వేసే పద్ధతి కూడా అదే కాబట్టి ఆ చేతిని నేను వెంటనే గుర్తు పట్టగలిగాను.

షింకిరో అన్నది ఆ చిత్రకారుడి కలంపేరు. ఎస్ఎన్‌కే అనే జపాను ఆటల కంపెనీలో ఉండగా ఫేటల్ ఫ్యూరీ, ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ ఆటలకు, ఆ తర్వాత 1994లో మొదలైన కింగ్ ఆఫ్ ఫైటర్స్ వరుసకు బొమ్మలు వేసి పేరు పొందారు. 2000లో మరో జపాను ఆటల కంపెనీ కాప్కామ్‌కు మారారు. 2011లో వచ్చిన మార్వెల్ వర్సెస్ కాప్కామ్ 3 ముఖచిత్రం కూడా ఆయనదే. నా మటుకు ఆయన ఉత్తమమైన పని 1990ల నడిమి కాలానిది. తరువాతి ముఖచిత్రాలలో జనం ఎక్కువై, ఒక్కొక్క మనిషి మీద చూపు నిలవదు. నీవు అభ్యాసానికి పాత బొమ్మలనే తీసుకో.

ఆ పాత బొమ్మలు ఎందుకు అలా పుట్టాయో తెలిస్తేనే వాటిని అనుసరించడం సులువవుతుంది. ఆ ఆటలు నడిచిన నియో జియో అనే వీడియో గేమ్ యంత్రం 1990 నాటిది. దాని తెర అడ్డంగా 320 చుక్కలు, నిలువుగా 224 చుక్కలు మాత్రమే. తెర మీద కదిలే వీరుడి బొమ్మను, అంటే స్ప్రైట్‌ను, చిన్న చిన్న పలకలుగా కూర్చేవారు. ఒక్కొక్క పలకకు 15 రంగులకు మించి దొరికేవి కావు. అంత తక్కువలో ముఖానికి మిగిలేది గుప్పెడు చుక్కలే. కనుక కండ్లు ఎలా ఉంటాయి, తోలు జాకెట్టు ఎంత బరువుగా వేలాడుతుంది, ఇతడు కోపిష్ఠివాడా మౌనివాడా అన్నది చెప్పే బాధ్యత పోస్టరు మీది బొమ్మది. షింకిరో ఆ బాధ్యతను సినిమా పోస్టరు వేసేవాడిలాగే తీసుకున్నారని నా అభిప్రాయం. నిజమైన మనిషి కొలతలు, చిన్న కళ్ళు, ఎముక తెలిసే దవడ, నిండైన పెదవులు, ఎక్కడ లాగితే అక్కడ ముడత పడే గుడ్డ. అదే కాలంలో కాప్కామ్‌లో బెంగస్ అనే చిత్రకారుడు గీత బలంతో, అతిశయోక్తితో మనుషులను ఎగిరించి దూకించేవాడు. షింకిరో మనుషులు ఎక్కువగా ఊరికే నిలబడి ఉంటారు. నీవు మాత్రం షింకిరో వెలుగునీడలు తెచ్చి బెంగస్ గెంతులో పెట్టావు. గాలిలో ఒళ్ళు మెలితిరిగి ఉన్న మనిషికి అంత వివరమైన చర్మం తొడిగితే దుకాణంలో నిలబెట్టిన బొమ్మను విసిరినట్టు ఉంటుంది. కుర్రవాణ్ణి నేల మీదికి దించు. బరువంతా ఒక కాలి మీద ఉంచి, రెండవ మడమ కొంచెం లేపి, భుజాలలోనూ వేళ్ళలోనూ బిగువు చూపిస్తే చాలు, కొట్టబోతున్నాడని చూసేవాడికి తెలుస్తుంది.

ఇక వెలుగు సంగతి. ఆయన బొమ్మ ఏదైనా తీసుకుని రంగు తీసివేసి, తెలుపు నలుపుల్లోకి మార్చి చూడు. చాలా వాటిలో మొదటి వెలుగు ముందు నుండి, ఒక పక్కగా, కొంచెం పై నుండి పడుతుంది. రెండవది వెనుక నుండి వచ్చి ఎదురు పక్క అంచును సన్నగా తాకుతుంది. ఈ రెండింటి నడుమ ఒక ముదురు పట్టీ మిగులుతుంది చూడు, మనిషికి గుండ్రదనం ఇచ్చేది అదే. నీ బొమ్మలో ముందు వెలుగూ వెనుక వెలుగూ ఉన్నాయి గాని, నడుమ పట్టీని నీవు టాబ్లెట్టులోని సాఫ్ట్ బ్రష్‌తో, అంటే మెత్తని అంచు గల బ్రష్‌తో, రుద్ది రుద్ది బూడిద చేశావు. అందువల్ల చేయి ఉబ్బినట్టు కనిపిస్తోందే తప్ప గట్టిగా కనిపించడం లేదు. ఆ పట్టీ వెడల్పును ముందుగా నిర్ణయించుకో. దండచేయి మీద అది వెడల్పుగా ఉంటుంది, మణికట్టు దగ్గర సన్నబడుతుంది, మోచేయి ఎముక మీద ఒక్కసారిగా విరుగుతుంది. ఈ విరుపులు లేకపోతే ఎన్ని గంటలు రుద్దినా కండ రాదు.

అంచుల విషయంలో నేను ఖచ్చితంగా చెప్పగలిగిన నియమం ఒకటి ఉంది. ఒంపు తిరిగే చోట అంచు మెత్తగా ఉండాలి. ఒక వస్తువు ఇంకొక వస్తువు మీద పడ్డ చోట, నీడ పడిన చోట, అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. చెంప మెత్తగా తిరుగుతుంది. ముక్కు చెంప మీద వేసే నీడ మాత్రం గట్టి అంచుతోనే ఉంటుంది. గడ్డం మెడ మీద వేసే నీడ కూడా అంతే. షింకిరో బొమ్మలు నున్నగా ఉన్నాయని అందరూ అంటారు గాని, ఆ నునుపును నిలబెట్టేవి ఈ గట్టి నీడలే. అందుచేత నీకు ఒక క్రమం పెడుతున్నాను. మొదటి రెండు వారాలు సాఫ్ట్ బ్రష్ జోలికి పోకు. గట్టి బ్రష్‌తో, నాలుగైదు బూడిద ఛాయలతో మాత్రమే బొమ్మ పూర్తి చెయ్యి. ఛాయలు పక్కపక్కన పడి, నాలుగు అడుగుల దూరం నుండి చూస్తే మనిషి నిండుగా కనబడాలి. అప్పుడు మెత్తపరచవలసిన చోట్లు తమంతట తామే తెలుస్తాయి, అవి నీవు అనుకునేదాని కంటే చాలా తక్కువ ఉంటాయి.

పులిచారల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే నీకు ఆయన ఇవ్వలేని సహాయం మన ఊరు ఇస్తుంది. నీవు చారలను చొక్కా మీది అచ్చులాగా వేశావు. ఒంటి మీద వేసిన చార కండ ఉబికిన చోట వెడల్పవుతుంది, పక్కకు తిరిగే చోట సన్నబడి దగ్గర దగ్గరగా చేరుతుంది, పొట్ట ముడుచుకున్నప్పుడు విరుగుతుంది. యాత్ర సమయంలో పులివేషం కట్టినవాళ్ళు ఆట నడుమ ఎక్కడైనా కూర్చుని నీళ్ళు తాగుతూ ఉంటారు; అడిగితే కాదనరు, పక్కన కూర్చుని భుజం ఒక్కటి గీసుకో. యాత్ర లేని రోజుల్లో మీ అన్నయ్యను చొక్కా విప్పించి, సబ్బుతో కడిగితే పోయే రంగుతో చారలు గీసి, డాబా మీద సాయంకాలపు ఎండలో ఒక పక్కకు నిలబెట్టు. వాడు సణుగుతాడు, నేను చెప్పానని చెప్పు. వెలుగు వైపున చారలో కూడా కొంత లేతదనం ఉంటుంది, నీడ వైపున పసుపు కూడా ముదిరి గోధుమరంగుకు దిగుతుంది. నల్లచార మీద అన్ని చోట్లా ఒకే నలుపు పెడితే ఆ చోట వెలుగునీడ చచ్చిపోతుంది.

చర్మపు రంగును ఆయన దగ్గర నుండి యథాతథంగా తెచ్చుకోవద్దు. ఆయన వేసిన వారిలో ఎక్కువమంది తెల్లని చర్మం గలవారు. వారి నీడలు ఎరుపు చాయలోకి పోతాయి, మెరుపులు పెద్దవిగా, మెత్తగా ఉంటాయి. మన కుర్రవాడి చామనఛాయ మీద నడిమి రంగులు చిక్కగా ఉంటాయి. చెమట పట్టిన చోట మెరుపు చిన్నదిగా, పదునుగా ఉంటుంది, దానిలో ఆకాశపు నీలం కొంచెం తెలుస్తుంది. ఆ మెరుపు ముక్కు ఎముక మీద, చెంప ఎముక మీద, భుజం గుండు మీద, కాలర్ ఎముక మీద చాలు. నీవు ఒళ్ళంతా పెట్టావు.

పట్టు గుడ్డ మీద మెరుపు సన్నని పొడుగాటి చీలికలుగా పడుతుంది, నూలు మీద విశాలంగా, మందంగా పడుతుంది. ముడతలన్నీ లాగిన చోటి నుండి పుట్టాలి. నీ బొమ్మలో నడుము ముడి దగ్గర నుండి అవి విచ్చుకోవాలి. బరంపురం పట్టుకు అంచులో గుడి గోపురంలాంటి కుంభం ఉంటుందని నీకు తెలుసు. ఆ అంచు ముడతలోకి దిగిన చోట విరిగి పోవాలి, పైకి వచ్చిన చోట మళ్ళీ మొదలవ్వాలి. ఇది విసుగు పని, దాటవేయకు.

ముఖం దగ్గర మాత్రం ఆయనను పూర్తిగా నమ్మవద్దు. షింకిరో పెద్ద చిత్రకారుడన్న మాటలో సందేహం లేదు. కాని ఆయన పురుషులను వరుసగా పెట్టి జుట్టూ టోపీలూ మూసి చూస్తే, చాలామంది అన్నదమ్ముల్లా ఉంటారు. అందరిదీ ఒకే గంభీరమైన చూపు. ఆయన పాత్రలను విడివిడిగా గుర్తు పట్టించేవి ఎక్కువగా ఆహార్యమూ జుట్టూ: టెర్రీ బోగార్డ్ ఎర్రటోపీ, క్యో కుసనాగి వీపు మీది సూర్యుడు, ఇయోరి యగామి ఒక కంటి మీద పడే ఎర్ర జుట్టు, అతడి వీపు మీది నెలవంక. ఆ గుర్తుల బలం నేర్చుకో, అందుకు నీ కుర్రవాణ్ణి నల్లని నీడగా నింపి బొటనవేలి గోరంత చేసి చూడు, అప్పుడు కూడా వాడు వాడేనని తెలియాలి. ముఖానికి మాత్రం రాయగడ సంతలో కనబడే ముఖాన్ని తీసుకో. వెడల్పైన చెంపలు, కొంచెం అణిగిన ముక్కు, ఒక పక్కకు వంగే నవ్వు, నీకు తెలియనివి కావు.

2001 నాటి కాప్కామ్ వర్సెస్ ఎస్ఎన్‌కే 2 కోసం షింకిరోతో పాటు కిను నిషిమురా అనే చిత్రకారిణి కూడా బొమ్మలు వేసింది. ఇద్దరూ వేసిన ఒకే పాత్రను పక్కపక్కన పెట్టుకుని, ఎవరు దేనిని వదిలేశారో రాసుకో. ఆమె గీతతోనూ రంగుతోనూ ఆడుకుంటుంది, షింకిరో బరువుతో నిలబెడతాడు. ఎంతో కాలం ఒక్కరి బొమ్మలే చూస్తే ఆయన లోపాలు కూడా మనకు అందంగానే తోస్తాయి. ఆయన బొమ్మ మీద పారదర్శకమైన లేయరు పెట్టి గీసుకోవడం అభ్యాసం కాదు. గళ్ళు గీసుకుని చూసి వేయడం అభ్యాసమే. అలా వేసినవి నీ పుస్తకంలోనే ఉండనీ, క్యో, ఇయోరి బొమ్మలు చొక్కాల మీద అచ్చువేసి అమ్ముదామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, ఆ పాత్రలకు యజమానులున్నారు.

పరికరాల గురించి అడిగావు. నీ దగ్గరున్న పాత టాబ్లెట్టు చాలు, కొత్తది కొనమని మీ నాన్నను పీడించకు.

వచ్చే నెల మీ అమ్మ ఇక్కడికి వచ్చేటప్పుడు బూడిద ఛాయల్లో పూర్తి చేసిన బొమ్మను కాగితం మీద పెద్దదిగా తీయించి పంపు. ఫోను తెర మీద నాకు అంచులు సరిగా తెలియడం లేదు. దాని మీద ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను. అంతవరకూ రంగు వేయవద్దు.

ఇట్లు,
నీ పెదనాన్న