కంప్యుటేషనల్ ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ ఒకటేనా? వైజాగ్‌లో ఉంటూ ఎలా సిద్ధం కావాలి?

ఒకటి కాదు. కంప్యుటేషనల్ ఇంజనీరింగ్‌లో మనం పట్టించుకునేది ఓడ, వంతెన, గాలి, నీరు. వాటి తీరును సమీకరణాలుగా రాసి, చేత్తో తేలని ఆ లెక్కలను కంప్యూటర్‌తో తేల్చడం నేర్పుతారు.

వైజాగ్ వాళ్లకు ఉదాహరణ కళ్లెదుటే ఉంది. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో కట్టే ఓడనే తీసుకోండి. దాని చుట్టూ నీరు ఎలా పారుతుందో చెప్పేవి నావియర్-స్టోక్స్ సమీకరణాలు. ఆ నీటిని లక్షల చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేగం, పీడనం లెక్కకడతారు. గడి కొలతను సగం చేస్తే, మూడు దిక్కులా కలిపి గడులు 8 రెట్లవుతాయి. చాలా పద్ధతుల్లో టైమ్ స్టెప్ (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య కాలం) కూడా సగం చేయాలి కాబట్టి పని 16 రెట్లు! అందుకే ఎక్కడ గడులు చిన్నవి కావాలో, ఎక్కడ పెద్దవైనా సరిపోతాయో తేల్చుకోవడంలోనే అసలు నేర్పు ఉంది. వచ్చిన జవాబును ప్రయోగంతో పోల్చనిదే నమ్మకూడదు. వైజాగ్‌లోనే ఉన్న నౌకాదళ పరిశోధన ల్యాబ్ ఎన్‌ఎస్‌టీఎల్‌లో నమూనా ఓడలను నీటిలో లాగి పరీక్షించే టోయింగ్ ట్యాంక్ లాంటివి అందుకు పనికొస్తాయి.

ఈ పేరుతో బీటెక్ బ్రాంచి మన దగ్గర అరుదు. ఆంధ్రా యూనివర్సిటీలో మెకానికల్ లేదా సివిల్ చదివి, ఎంటెక్‌లో ఇటు మళ్లడం మంచి దారి అని నా అభిప్రాయం. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ మాత్రం పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేయకండి.

కోడింగ్ రాదని టెన్షన్ వద్దు. ఇనుప కడ్డీలో వేడి ఎలా పాకుతుందో లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం పైథాన్‌లో రాయండి. అది వచ్చాక, నీరు, గాలి ప్రవాహాలను లెక్కకట్టే, ఉచితంగా దొరికే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టండి.