కాళ్ల బిగుతుకు ఆపరేషన్ చేస్తే మెదడు బాగుపడుతుందా?

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్లు. ఎనిమిదో నెలలోనే పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు సరిగా రాని స్థితి, అన్నారు. వాకర్ పట్టుకుని మునివేళ్ల మీద నడుస్తాడు, కాళ్లు కత్తెరలా అడ్డుపడతాయి. వెన్ను దగ్గర నరాలు కత్తిరిస్తే బిగుతు తగ్గి, మెదడు కూడా బాగుపడుతుందంటున్నారు. నిజమేనా?
- ఒక తల్లి, కరీంనగర్

జవాబు: బిగుతు తగ్గుతుందన్నది నిజమేనమ్మా. మెదడు సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో సాధారణంగా మెదడు లోపలి గదుల చుట్టూ ఉండే తెల్ల పదార్థం దెబ్బతింటుంది. కాళ్లకు ఆజ్ఞలు తీసుకెళ్లే నరాల పోగులు ఆ పక్కనుంచే దిగుతాయి కాబట్టి చేతుల కన్నా కాళ్లే ఎక్కువగా బిగుసుకుంటాయి. ఎమ్మారైలో కనిపించే ఆ దెబ్బ ఏ ఆపరేషన్‌తోనూ మానదు.

మీరు అడిగిన సెలెక్టివ్ డార్సల్ రైజోటమీలో సర్జన్ మెదడు జోలికి పోరు. కాళ్ల నుంచి వెన్నుపాముకు సమాచారం చేర్చే నరాల వేళ్లను సన్నని పోగులుగా విడదీసి, ఒక్కోదానికి స్వల్పంగా కరెంటు ఇచ్చి, అతిగా స్పందించిన వాటిలో కొన్నింటిని కత్తిరిస్తారు. అయినా కొందరు పిల్లల్లో ఆ తర్వాత చేతుల వాడకం, మాట, ఏకాగ్రత కూడా మెరుగైనట్టు వైద్యులు గమనించారు. బిగుసుకున్న కండరాల నుంచి పైకి పోయే సంకేతాల రొద తగ్గడం, కుదురుగా కూర్చోగలగడంతో చేతులకు వీలు చిక్కడం, కొత్త కదలికలను పదేపదే సాధన చేయడంతో మెదడులో మిగిలిన దారులు బలపడడం ఇందుకు కారణాలు కావచ్చు. అయితే ఆరేళ్ల బిడ్డ ఆపరేషన్ లేకపోయినా ఏడాదిలో ఎంతో కొంత ఎదుగుతాడు. ఆ ఎదుగుదలనంతా సర్జరీ ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. మాట వస్తుందన్న ఆశతో మాత్రం దయచేసి దీనికి ఒప్పుకోకండి.

టొరంటో, వాంకూవర్, సియాటెల్‌లలో ఫిజియోథెరపీ ఒక్కటే చేయించిన పిల్లలతో పోల్చి జరిపిన 3 పరిశోధనలను 2002లో కలిపి విశ్లేషించినప్పుడు, ఆపరేషన్‌తో బిగుతు స్పష్టంగా తగ్గినా కదలికల్లో అదనంగా కలిగిన లాభం స్వల్పమేనని తేలింది. పైగా బిగుతు పోగానే దాని చాటున ఉన్న బలహీనత బయటపడుతుంది. నిన్నటిదాకా బిగుతు ఆసరాతోనే నిలబడిన పిల్లవాడు తొలి వారాల్లో మోకాళ్లు మడతపడి కూలబడితే తల్లిదండ్రులు బెంబేలెత్తిపోతారు. అప్పుడే బాబును మంచం అంచున కూర్చోబెట్టి, మడమలు నేలకు ఆనించి, మీ చేతులు పట్టుకుని లేచి నిలబడడం రోజూ, నెలల తరబడి చేయించాల్సి ఉంటుంది.

మీ బాబు వయసు, పుట్టిన తీరు, వాకర్‌తో నడవగలగడం ఈ ఆపరేషన్‌కు అనుకూలించే అంశాలే. కానీ కోసిన పోగు మళ్లీ అతకదు కనుక, తుంటి ఎక్స్‌రే తీయించి, బిగుతుతో పాటు డిస్టోనియా, అంటే అదుపు లేకుండా ఒళ్లు మెలితిరగడం, ఉందేమో పిల్లల న్యూరాలజిస్టు దగ్గర తేల్చుకున్నాకే అంగీకార పత్రం మీద సంతకం చేయండి.