డిస్క్‌ను మింగేస్తున్న లాగ్ ఫైలు

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తుంటాను సార్. ఆఫీసులో ఉన్నది సెకండ్ హ్యాండ్ కంప్యూటర్. మా మేనల్లుడు విండోస్ బదులు ఉబుంటు వేసిచ్చాడు. డిస్క్ 120 జీబీ. అయిదు రోజులకోసారి నిండిపోతోంది, ఇక పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి పోనివ్వదు. కంప్యూటర్ తన డైరీ రాసుకునే లాగ్ ఫోల్డర్‌లో సిస్‌లాగ్ 41 జీబీ, కెర్న్ లాగ్ 40 జీబీ ఉన్నాయి. తీసేస్తే మళ్లీ తయారు. అసలు లాగ్ రాయడమే ఆపేయొచ్చా? ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: ఆపొద్దండీ. మీ ఫొటోలోనే సగం జవాబుంది. తెర నిండా అవే మూడు నాలుగు లైన్లు తిరిగి తిరిగి వస్తున్నాయి: ‘పీసీఐఈ బస్ ఎర్రర్, సివియారిటీ కరెక్టెడ్’. టైము చూడండి, అన్నిటికీ సెకను కూడా ఒకటే!

పీసీఐఈ అంటే మదర్‌బోర్డుకు కార్డులను కలిపే దారి. ఆ దారిలో, మదర్‌బోర్డుకీ, దానికి తగిలించిన ఏదో కార్డుకీ మధ్య సిగ్నల్ తడబడుతోంది. హార్డ్‌వేర్ తనే సరిదిద్దుకుంటోంది, కరెక్టెడ్ అంటే అదే. మీ లెక్కలకు ఢోకా లేదు. కానీ సరిదిద్దినప్పుడల్లా సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ ఒక కబురు రాస్తుంది. ఉబుంటులో ఆ కబురు సిస్‌లాగ్‌లోకీ పోతుంది, కెర్న్ లాగ్‌లోకీ పోతుంది. అందుకే రెండూ కవలల్లా పెరిగాయి. పాత లాగ్‌ను పక్కనపెట్టి కొత్తది తెరిచే లాగ్‌రొటేట్ రోజూ లేచినా, వీటిని మాత్రం వారానికోసారి గానీ మార్చదు. ఈలోపు మీ డిస్క్ పని అయిపోతోంది.

ముందు జాగా సంగతి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది, అందులో లాగిన్ అవ్వొచ్చు. అక్కడ ఫైలును డిలీట్ మాత్రం చెయ్యకండి. కావలి దగ్గర ఒక రొయ్యపిల్లల హేచరీలో నేను చేసిన తప్పు అదే. 30 జీబీ లాగ్‌ను తీసేసి ‘అయిపోయిందన్నా’ అన్నాను. జాగా ఎంతుందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే డిస్క్ నూటికి నూరు నిండే ఉంది. ఫోల్డర్‌లో పేరు పోయింది గానీ, ఫైలును తెరిచి పట్టుకున్న, లాగ్ రాసే ఆర్‌సిస్‌లాగ్ సర్వీసు దాన్ని వదల్లేదు. అది వదిలేదాకా జాగా రాదు. ఓనరు రెండోసారి టీ తెప్పించాడు, నేను తలెత్తితే ఒట్టు. సర్వీసు రీస్టార్ట్ చేశాక గానీ జాగా తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ట్రంకేట్ కమాండ్‌తో ఫైలు సైజును సున్నా చేస్తున్నాను. ఫైలు అక్కడే ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ.

ఇక అసలు రోగం. ఎర్రర్ లైన్లో ఉన్న డివైస్ నంబరును ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ చూపే జాబితాతో పోల్చండి, ఏ కార్డో తెలుస్తుంది. చాలాసార్లు వైఫై కార్డే. కరెంటు ప్లగ్గు పీకి, కేబినెట్ తెరిచి, కార్డు బయటికి తీసి పొడిగుడ్డతో తుడిచి మళ్లీ గట్టిగా బిగించండి. మీ ఊళ్లో కేబినెట్ విప్పితే రాతిపొడి గుప్పెడు రాలుతుంది, నేను చూశాను. అదే ఈ తడబాటుకు కారణమైనా ఆశ్చర్యం లేదు.

అప్పటికీ ఆగకపోతే, కంప్యూటర్ ఆన్ కాగానే ఉబుంటును లేపే గ్రబ్ సెట్టింగుల్లో కెర్నల్ లైనుకు ‘పీసీఐఈ_ఏఎస్‌పీఎం=ఆఫ్’ చేర్చండి, ఇంగ్లిష్ అక్షరాల్లో. అప్‌డేట్ గ్రబ్ చేసి రీబూట్ కొట్టండి. కార్డుల లింకుల్లో కరెంటు ఆదా చేసే పద్ధతిని కెర్నల్ ఇక నడపదు, డెస్క్‌టాప్‌కు దానివల్ల పెద్ద నష్టం లేదు. ‘పీసీఐ=నోఏఈఆర్’ పెట్టమని చెప్పేవాళ్లూ ఉంటారు. అది కంప్లయింటు రాసేవాడి నోరు కట్టేయడమే. రేపు నిజంగా కార్డు పాడైనా మీకు కబురు రాదు. నేనైతే ఏ దారీ లేనప్పుడే పెడతాను.

లాగ్‌రొటేట్‌లో మ్యాక్స్‌సైజ్ 200ఎం (200 ఎంబీ దాటితే వారం ఆగకుండా మార్చమని) అని కూడా రాసి పెట్టండి. కానీ అది రోజుకోసారే నిద్ర లేస్తుంది. మీ స్పీడుకు ఒక్క రోజులోనే 16 జీబీ పడుతోంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. ఉబుంటు రాసుకునే ఇంకో లాగ్, జర్నల్ గురించి టెన్షన్ వద్దు, అది మామూలుగా 4 జీబీ దాటదు.

ప్రశ్న: మా విండోస్ కంప్యూటర్‌లో లాగ్‌లు చూపే ఈవెంట్ వ్యూయర్ నిండా ఎర్ర గుర్తులే. కంపెనీ వాళ్లమంటూ ఎవరో ఫోన్ చేసి వాటిని తెరిపించి, వైరస్ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: కాదమ్మా. బాగా పనిచేసే కంప్యూటర్‌లోనూ ఆ ఎర్ర గుర్తులు బోలెడు ఉంటాయి, నా దాంట్లోనూ ఉన్నాయి. ఆ సిస్టమ్ లాగ్ మామూలుగా 20 ఎంబీ దగ్గర ఆగి, పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది, డిస్క్ నిండదు. ఫోన్ చేసినవాళ్లు దొంగలు. వాళ్లు చెప్పిన సాఫ్ట్‌వేర్ ఏదైనా వేసి ఉంటే ముందు నెట్ తీసేసి, ఆ తర్వాత దాన్ని తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డ్ వేరే ఫోన్ నుంచి ఈరోజే మార్చండి.