పోటీలకు పనికిరాదన్న జాగిలాన్ని ఉంచుకోవాలా, ఇచ్చేయాలా?

మీ 14 నెలల జర్మన్ షెపర్డ్‌కు హిప్ డిస్‌ప్లేషియా, అంటే తుంటి కీలు సరిగా అమరని జబ్బు, ఉన్నట్టు ఎక్స్‌రేలో తేలిందనీ, పోటీల ఆశ వదులుకోమని వైద్యులు చెప్పారనీ, దాన్ని ఎవరికైనా ఇచ్చి మరో పిల్లను తెచ్చుకోవడం మంచిదా అనీ అడిగారు. ఇవ్వవద్దనే నా సలహా. ఎందుకో మా లచ్చి సంగతి చెబితే తెలుస్తుంది.

ఉద్యోగరీత్యా జర్మనీలో ఉన్నప్పుడు పని చేసే వంశం నుంచి దాన్ని తెచ్చుకున్నాను. అక్కడ ఒకే కాన్పులో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెడతారు. దీనికి ఎల్ అక్షరం వచ్చింది కాబట్టి, కాగితాల మీది పేరు నోరు తిరగని మా అమ్మ లచ్చి అని పిలిచింది. 16వ నెలలో బీహెచ్ పరీక్ష, అంటే కుక్క విధేయతనూ జనం మధ్య నడవడికనూ చూసే తొలి పరీక్ష, నెగ్గింది. ఆ తర్వాతిది ఐజీపీ, అంటే పని కుక్కల సామర్థ్యాన్ని చూసే పోటీ పరీక్ష, మొదటి స్థాయి. జాడ పట్టడం, విధేయత, రక్షణ అనే మూడు భాగాలకూ తలా 100 మార్కులు, ఒక్కో దానిలో కనీసం 70 రావాలి, కుక్కకు 18 నెలలు నిండాలి.

17వ నెలలో ఒక శనివారం లచ్చి అడ్డుకంచె దూకి అవతలి 650 గ్రాముల చెక్క డంబెల్‌ను నోట కరుచుకుంది కానీ, తిరిగి వచ్చేటప్పుడు కంచె ముందు ఒక్క క్షణం ఆగి, పక్కనుంచి చుట్టి వచ్చి నా ఎదుట కూర్చుంది. కూర్చోవడం కూడా నిటారుగా కాదు, బరువంతా ఎడమ తుంటి మీద వేసి, కుడి కాలు పక్కకు చాపి. నేను దాన్ని మొండితనం అనుకున్నాను. రెండు వారాలు గొంతు పెంచి, పట్టీ గుంజి అదే పని చేయించాను. ఇప్పటికీ నన్ను బాధించేది కోల్పోయిన పోటీ కాదు, ఆ రెండు వారాలే.

మత్తు ఇచ్చి, వెనక కాళ్లు తిన్నగా చాపి తీసిన ఎక్స్‌రేలో తొడ ఎముక తల సగానికి పైగా, అది అమరాల్సిన తుంటి గిన్నె బయటే ఉంది. తల్లిదండ్రులిద్దరి తుంట్లూ మంచివని ధ్రువపత్రాలు ఉన్నాయి. ఈ జబ్బు వెనక ఒకటి కాదు, అనేక జన్యువులు ఉంటాయి కాబట్టి అలాంటి జంటకూ ఇలాంటి పిల్ల పుట్టవచ్చు. పెంపకందారును నిందించడంలో మీ రోజులు వృథా చేసుకోకండి.

విశ్రాంతి అవసరమనుకుని నెల రోజులు ఏ పనీ చెప్పలేదు. నేను రబ్బరు బూట్లు తొడుక్కుంటే చాలు, లచ్చి వెళ్లి 10 మీటర్ల జాడ తాడు తగిలించిన మేకు కింద నిలబడి నా వైపు చూసేది. చివరకు వైద్యులను అడిగితే, దూకుళ్లు, రక్షణ భాగంలో మీదికి లంఘించి పట్టుకోవడం మానేయమన్నారు, మెత్తటి నేల మీద జాడ పట్టడానికి మాత్రం అభ్యంతరం లేదన్నారు. పచ్చిక మీద నేను నడిచిన 300 అంగల జాడను, 20 నిమిషాలు ఆగాక, అది ఒక్కో అడుగులో ముక్కు పెట్టి, శ్వాస చప్పుడు నాకు వినిపించేలా పీలుస్తూ పట్టుకుంటూ పోయి, నేను దారిలో వదిలిన తోలు ముక్కను ముందుకాళ్ల మధ్య పెట్టుకుని పడుకుంది. మార్కులు వేసేవారు ఎవరూ లేరు. దానికి ఆ లోటే తెలియలేదు.

బరువు విషయంలో మాత్రం కఠినంగా ఉండండి. 48 లాబ్రడార్లను జతలుగా చేసి జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, జతలోని రెండో కుక్క కంటే 25 శాతం తక్కువ తిన్నవాటికి తుంటి కీళ్లవాతం ఆలస్యంగా వచ్చింది, ఆయుష్షు కూడా దాదాపు రెండేళ్లు పెరిగింది. పక్కటెముకలు చేతికి తగలాలి. నున్నటి టైల్స్ మీద చాపలు పరచండి, బంతి విసరడం మానండి, ఈత కొట్టించండి. నొప్పి మాత్రలు ఇచ్చి పోటీకి దింపే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. దానిచేత పిల్లలను కూడా పెట్టించకండి. నిజానికి ఐజీపీ లాంటి పరీక్షలు పుట్టిందే ఏ కుక్క సంతానానికి తగినదో తేల్చడానికి. అందులో నిలవకపోతే ఆ ఒక్క విషయమే తేలుతుంది, మీ ఇంట్లో దాని చోటు మారదు.

లచ్చికి ఇప్పుడు 8 ఏళ్లు. చలి రోజుల్లో లేవడానికి కాస్త సమయం పడుతుంది, జాడను 100 అంగలకు తగ్గించాను. ఈసారి వైద్యుల దగ్గరికి వెళ్లినప్పుడు ఏమేం చేయించవచ్చో కూడా అడిగి రాసుకోండి. ఆ ప్రశ్న అడగడానికి నేను నెల రోజులు ఆలస్యం చేశాను.