స్కాన్ బాగుందన్నారు, మరి రాత్రంతా ఎందుకు ఉంచుకున్నట్టు?

ప్రశ్న: పోయిన వారం మా తమ్ముడు మారతహళ్ళి దగ్గర బైకు జారి పడ్డాడు. హ్యాండిల్ పొట్టలో బలంగా గుద్దుకుంది. ఆసుపత్రికి వెళ్ళగానే పొట్ట స్కాన్ చేసి బాగుందన్నారు. అయినా రాత్రంతా ఉంచుకుని, మాటిమాటికీ పొట్ట నొక్కి చూసి, తెల్లారి సీటీ స్కాన్ కూడా తీశారు. ఇదంతా బిల్లు కోసమేనని మా బంధువులంటున్నారు. నిజమేనా డాక్టరుగారూ?
– ఓ అక్క, బెంగళూరు

జవాబు: కాదమ్మా. ఆ డాక్టర్లు చేసింది సరైన పనే. నేనైనా ఉంచేదాన్నే.

రాగానే చేసే ఆ అల్ట్రాసౌండ్ స్కాన్‌ను ఫాస్ట్ అంటాం. కాలేయం పక్కన, ప్లీహం (ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్) పక్కన, పొత్తికడుపులో, గుండె చుట్టూ నెత్తురు చేరిందా అని చూస్తుందంతే. చేరింది 200 మిల్లీలీటర్ల లోపైతే చాలాసార్లు దొరకదు. పేగుకు చిల్లు పడ్డా మొదట్లో తెలియకపోవచ్చు.

హ్యాండిల్ దెబ్బ అనగానే నాకు గుబులే. పైన చిన్న కమిలిన మచ్చ తప్ప ఏమీ ఉండదు. లోపల చిన్నపేగు, క్లోమం (పాంక్రియాస్) వెన్నెముకకు అదుముకుపోయి నలుగుతాయి. పేగు చిరిగితే నొప్పి పెరగడం, పొట్ట గట్టిపడటం, జ్వరం కొన్ని గంటలకు గానీ బయటపడవు. అందుకే వీలైతే ఒకే డాక్టరు మళ్ళీ మళ్ళీ నొక్కి చూడాలి. ఇందాక మెత్తగా ఉన్న పొట్ట ఇప్పుడు బిగిసిందా అన్నది ఆ చేతికే తెలుస్తుంది. బీపీ బాగుందని ధీమాగా ఉండొద్దని మా జూనియర్లకు రోజూ చెబుతుంటాను. వయసులో ఉన్నవాళ్ళకు లీటరు దాకా నెత్తురు పోయినా బీపీ నిలబడొచ్చు, ముందు నాడి వేగం పెరుగుతుంది. తాగి ఉన్నా, తలకు దెబ్బ తగిలినా పొట్ట నొప్పి సరిగా చెప్పలేరు, వాళ్ళతో ఇంకా జాగ్రత్త.

సీటీ నిలకడగా ఉన్నవాళ్ళకే. బీపీ పడిపోతూ ఫాస్ట్‌లో నెత్తురు కనిపిస్తే నేరుగా ఆపరేషన్ థియేటరుకే తీసుకెళతాం. నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీలో ప్లీహం, కాలేయం ఎంత చీలాయో తెలుస్తుంది. దాన్నిబట్టే ఇవాళ చాలామందికి కోత లేకుండా నయం చేయగలుగుతున్నాం.

వారమే అయింది కాబట్టి ఇంకా కనిపెట్టి ఉండండి. ప్లీహం అరుదుగా కొన్ని రోజుల తర్వాత కూడా చిట్లుతుంది. భుజానికి దెబ్బ తగలకపోయినా ఎడమ భుజం లాగడం, కళ్ళు తిరగడం, వాంతులు, పొట్ట ఉబ్బరం, మూత్రం ఎర్రగా రావడం, వీటిలో ఏదొచ్చినా తెల్లారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, సీటీ ఫిల్ములు వెంట పట్టుకెళ్ళండి.