లొయీసా ఊరి కథ రాస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

నీ కథ చదివాను. అమెరికా ఏలుబడిలో ఉన్న ప్యూర్టోరికో ద్వీపం పోలీసుల మీద రాయాలనుకోవడం బాగుంది. కానీ లాఠీ పట్టినవాణ్ని తెల్ల అమెరికన్‌ని చేసేశావు. కథ పల్చబడింది అక్కడే.

1937లో అక్కడి పొన్సే ఊళ్లో ఊరేగింపు మీద కాల్పులు జరిగి 19 మంది పోయారు. గవర్నరు వాషింగ్టన్ పంపిన మనిషే, తుపాకులు పేల్చింది మాత్రం ఆ ద్వీపం పోలీసులు. 1993లో పేదల ప్రభుత్వ క్వార్టర్ల మీదికి నేషనల్ గార్డు సైనికులను దించిన గవర్నరు పేద్రో రొసెయోనైతే అక్కడి జనమే ఓట్లేసి గెలిపించుకున్నారు. (అమెరికా అధ్యక్షుడికి ఓటేసే హక్కు మాత్రం ద్వీపంలో ఉన్నవాళ్లకి ఇప్పటికీ లేదు.) ఆ క్వార్టర్ల చుట్టూ కంచె, దారికి గేటు, గేటు దగ్గర కాపలా. సంచీ మోసుకుంటూ వచ్చిన ముసలావిడ గుర్తింపు కార్డు కోసం తడుముకుంటుంటే కాపలా కుర్రాడు ఎటు చూస్తాడు? వాడూ అలాంటి పేటలో పుట్టినవాడే అయితే? అక్కడ ఒక పేజీ ఆగు.

‘మాలో జాతిభేదం లేదు, అందరం కలగలిసిపోయాం’ అని అక్కడ చాలామంది అంటారు. నమ్మేయకు. 2000 జనగణనలో 80 శాతం మంది తెల్లవాళ్లమని రాయించుకున్నారు. 2020లో ‘తెల్ల’ అని మాత్రమే రాయించుకున్నవాళ్లు 17 శాతం. ఫారంలో అడిగే తీరు కొంత మారిందనుకో, అయినా!

లొయీసా నల్లవాళ్ల ఊరు. 1980 ఫిబ్రవరి 6న అక్కడ అడోల్ఫినా విల్యనుయేవాని, తరతరాలుగా ఉంటున్న జాగా ఖాళీ చేయించడానికొచ్చిన పోలీసులు కాల్చి చంపారు. నువ్వు తూటాతో మొదలుపెట్టావు. తూటాకి ముందు కోర్టు కాగితం ఉంది. పట్టా ఎవరి పేరనుంది, సముద్రపొడ్డు నేల మీద ఎవరి కన్ను పడింది, అది రాయి. పట్టా తగాదాలు మన పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఎదురు నిలవడమంటే ఊరేగింపులే కాదు. లొయీసాలో తయెర్ సలూద్ అనే ఆడవాళ్ల సంఘం ఉంది, 1979లో పుట్టింది. కుర్రాళ్ల కక్షలు హత్యల దాకా పోకముందే, ఆ వీధుల్లో తెలిసిన మనుషులే మధ్యన పడి సర్దిచెబుతారు. రాయడానికి కష్టమైన పని అది. 2019లో గవర్నరు రికార్డో రొసెయోని గద్దె దించిన జనాన్ని రాయడం తేలిక. ఆయన పేద్రో కొడుకే, కానీ ఈ సంగతి కథలో వాడకు. అల్లినట్టుంటుంది.

ఇంకోటి. బాంబా అనే అక్కడి నాట్యంలో డోలును బట్టి అడుగు పడదు, ఆడే మనిషి అడుగును చూసి డోలు పలుకుతుంది. నీ చివరి పేజీలో తిరగబడింది. దిద్దుకో.

ఉంటాను.