ఒక్కరితో ఆపేయాలా, ఇంకొకరిని కనాలా? మేమెలా తేల్చుకున్నామంటే

పాపకి మూడేళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళు రెండో బిడ్డ ఎప్పుడని పోరు పెడుతున్నారు, మీరిద్దరూ ఎటూ తేల్చుకోలేకపోతున్నారు, అంతేగా.

అందరూ ముందు స్కూల్ ఫీజుల లెక్కేస్తారు, మేమూ వేశాం, కానీ మా ఇంట్లో అసలు తేలాల్సింది పిల్లని ఎవరు చూస్తారనేది. పెద్దాడప్పుడు మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఉంది కాబట్టి నేను జాబ్ చేయగలిగా, రెండోదాని టైమ్‌కి ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అత్తయ్యగారు "కనండమ్మా నేను చూస్తాగా" అంటారు గానీ హైదరాబాద్ వచ్చిన వారానికే ఆవిడకి గేదెలు గుర్తొస్తాయి. 2017 నుంచి మొదటి ఇద్దరికీ 26 వారాల మెటర్నిటీ లీవ్ ఉంది (మూడోసారైతే 12 వారాలే), మరి 27వ వారం నుంచి? 50 మంది, ఆ పైన పనిచేసే చోట క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని కూడా చట్టంలో ఉంది, మా ఆఫీసులో ఆ పేరుతో ఒక గది ఉండేది, అందులో పాత కుర్చీలు పడేశారు.

మా ఆయన "నేను చూసుకుంటాలే" అన్నారు, సరే చూద్దామని పెద్దాడి పనంతా కొన్నాళ్ళు ఆయనకే అప్పజెప్పా, పొద్దున టిఫిన్ బాక్స్ నుంచి రాత్రి జ్వరమొస్తే సిరప్ దాకా, నేను నోరెత్తలేదు. మొదట్లో తిప్పలు పడ్డారు, తర్వాత గాడిలో పడ్డారు, అప్పుడే నేను ఊ అన్నా.

"ఒక్కడైతే తోడుండదు" అనే మాట మాత్రం పట్టించుకోకండి, నేనూ మా అన్నయ్యా సంక్రాంతికి తప్ప మాట్లాడుకోం. ప్రభుత్వాల మాటా అంతే, ఏపీలో 1994 చట్టంతో ఇద్దరు దాటితే పంచాయతీ ఎన్నికల్లో నిలబడనివ్వలేదు, 2024లో అది తీసేశారు, ఇప్పుడేమో ఎక్కువమందిని కనమంటున్నారు.

ఇంకోటి, రెండో సిజేరియన్ అప్పుడు "ఆపరేషన్ కూడా చేసేద్దామా" అని అడుగుతారు, సంతకం పెట్టే హడావిడిలో ఆలోచించుకోలేరు, ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్ళండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏపీలో పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషన్ అయింది, మగవాళ్ళు చేయించుకున్న ఇళ్ళు ఒక్క శాతం కూడా లేవు. నిజానికి మగవాళ్ళదే చిన్న పని, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు, కాకపోతే మూడు నెలలు గర్భం రాకుండా వేరే జాగ్రత్త తీసుకుని, తర్వాత వీర్యం టెస్ట్ చేయించుకోవాలి. మా ఆయన శుక్రవారం చేయించుకుని సోమవారం ఆఫీసుకెళ్ళారు. అత్తయ్యగారికి ఇంతవరకూ చెప్పలేదు, ఆవిడ లెక్కలో ఆపరేషన్ అయింది నాకే.